పాత రంగుల గల్లాడబ్బాలను సేకరించడం ఎలా?

పిల్లలు పైసలు దాచుకోవడానికి రేకుతోనో పోత ఇనుముతోనో బొమ్మ రూపంలో చేసి రంగులు వేసిన పాత డబ్బాల గురించి నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు నుంచి పాఠకులు పదేపదే అడుగుతున్న ప్రశ్నలు మూడు. ఇవి ఎక్కడ దొరుకుతాయి? చేతికి వచ్చినది నిజంగా పాతదేనా, లేక పాతదిలా కనిపించేటట్టు ఇటీవల చేసినదా? మురికి, తుప్పు పట్టిన దాన్ని ఏం చేయాలి? ఈ మూడింటికీ ఇంట్లో ఉండే చిన్న పనిముట్లతోనే చేయగలిగిన పద్ధతిని వరుసగా రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోండి. ఈ వస్తువుకు విలువ కట్టేటప్పుడు సేకర్తలు అన్నింటికంటే ముందు చూసేది, తయారైన రోజున వేసిన రంగు ఎంత మిగిలి ఉందనేది. లోహాన్ని తూకానికి అమ్మితే కొద్ది రూపాయలే వస్తాయి. అందువల్ల తోమడం, గరుకు కాగితంతో రుద్దడం, ‘కొత్తగా కనిపించాలి’ అని మళ్లీ రంగు వేయించడం అనే మూడు పనులూ ఆ వస్తువును చేతులారా పాడుచేయడమే.

మన దగ్గర ఏవి దొరుకుతాయి

మట్టి గల్లగురిగిని పగలగొడితే తప్ప పైసలు బయటికి రావు కాబట్టి పాత గురుగులు మిగలడం అరుదు. లోహపు డబ్బాలు అలా కాదు, అటక మీదో, పాత సందూకలోనో రెండు మూడు తరాలు అలాగే ఉండిపోతాయి.

విదేశీ పుస్తకాల్లోనూ వేలంపాటల జాబితాల్లోనూ కనిపించేవి ప్రధానంగా అమెరికాలో చేసిన పోత ఇనుప డబ్బాలు. మీట నొక్కగానే బొమ్మ కదిలి నాణేన్ని లోపలికి వేసే రకం పోత ఇనుప డబ్బాలకు 1869లో పేటెంటు పొందిన ‘హాల్స్ ఎక్సెల్సియర్’తో ఊపు వచ్చింది, దాన్ని కనెక్టికట్ రాష్ట్రంలోని క్రామ్‌వెల్ ఊరిలో జె. అండ్ ఇ. స్టీవెన్స్ సంస్థ తయారుచేసింది. బఫెలో నగరంలోని షెపర్డ్ హార్డ్‌వేర్, ఫిలడెల్ఫియాలోని కైజర్ అండ్ రెక్స్, ఇంగ్లండులో జాన్ హార్పర్ సంస్థలు కూడా ఇటువంటివి చేశాయి. కదలని రకం, అంటే జంతువు రూపంలోనో భవనం రూపంలోనో ఉండి నాణెం వేయడానికి సందు మాత్రమే ఉండేవి, ఒహైయోలోని ఎ.సి. విలియమ్స్ వంటి సంస్థల నుంచి పెద్ద సంఖ్యలో వచ్చాయి.

మన జిల్లాల్లో ఈ అమెరికా సరుకు అసలైనది దొరకడం చాలా అరుదని మొదటే ఒప్పుకోవాలి. ‘పాత అమెరికా గల్లా’ అంటూ ఇక్కడ అమ్మకానికి వచ్చే పోత ఇనుప డబ్బాల్లో ఎక్కువ భాగం ఇటీవలి నకళ్లే. నిజంగా దొరికేవి వేరే ఉన్నాయి, నా దృష్టిలో సేకరించదగినవీ అవే: జాతరల్లో అమ్మిన రంగు రేకు డబ్బాలు, బిస్కెట్లు అయిపోయాక గల్లాగా వాడుకోవడానికి మూతకు సందు పెట్టిన రేకు డబ్బాలు, జపాన్, జర్మనీల నుంచి దిగుమతైన అచ్చు రేకు బొమ్మలు, బ్యాంకులు ఖాతాదారులకు ఇచ్చిన తాళం పెట్టెలు. సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా 1921లోనే ఇంట్లో పొదుపు పెట్టె పథకాన్ని ప్రవేశపెట్టింది. ఇటువంటి పథకాల్లో పెట్టె ఇంట్లో ఉంటుంది, తాళంచెవి మాత్రం బ్యాంకు దగ్గర ఉంటుంది. అందుకే ఇప్పుడు దొరికేవాటిలో చాలావాటికి తాళంచెవి ఉండదు. దాన్ని లోపంగా భావించి బేరం వదులుకోకండి.

కావలసినవి

- పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం. గడియారాలు బాగుచేసేవారు కంటికి పెట్టుకునేది కూడా పనికొస్తుంది.
- చిన్న అయస్కాంతం. దానికి పలుచని బట్ట చుట్టి పెట్టుకోండి, లేకపోతే రంగు మీద గీతలు పడతాయి.
- మిల్లీమీటర్లు చూపే వెర్నియర్ కాలిపర్. లేకపోతే ఉక్కు స్కేలు.
- సన్నని వెలుగు వచ్చే టార్చి, నోట్లు పరీక్షించడానికి దుకాణాల్లో వాడే యూవీ టార్చి.
- గ్రాముల్లో చూపే వంటింటి త్రాసు.
- తెల్ల కాగితాలు, సన్నని పెన్సిలు, ఒక నోటుబుక్కు.
- దూది పుల్లలు, మెత్తని పాత నూలు బట్ట, మెత్తని కుంచె, రబ్బరు చేతితొడుగులు.
- డిస్టిల్డ్ వాటర్. బ్యాటరీ దుకాణాల్లోనూ పెట్రోలు బంకుల్లోనూ దొరుకుతుంది.

దశలవారీగా

1. ముందుగా ఒక్క రకాన్ని ఎంచుకోండి. రేకు డబ్బాలా, బ్యాంకు పెట్టెలా, పోత ఇనుపవా అన్నది తేల్చుకుని మొదటి సంవత్సరం ఆ ఒక్కదానిలోనే ఉండండి. ఒకే రకానికి చెందిన వస్తువులను వరుసగా చేతిలోకి తీసుకుని చూసినప్పుడే రేకు మందం, అంచు మడత, రంగు మెరుపు కంటికి అలవాటవుతాయి. కొత్తవారికి రేకు డబ్బాలనే సిఫారసు చేస్తాను, ఎందుకంటే వాటి మీద అక్షరాలు ఉంటాయి, కాలాన్ని తేల్చడానికి ఆ అక్షరాలే సగం పని చేసిపెడతాయి.

2. సరైన చోట వెతకండి. పాత ఇనుప సామాను దుకాణానికి వారానికి ఒకసారి వెళ్లి, యజమానికి మీరు దేనికోసం చూస్తున్నారో ఫోటో చూపించి చెప్పి రండి. ‘అన్నా, రంగుల రేకు గల్లా, పైసల డబ్బా ఏమన్న వస్తే చితకగొట్టకుండ పక్కకు పెట్టు’ అన్న ఒక్క మాట చాలా డబ్బాలను కాపాడుతుంది, ఎందుకంటే రేకును తూకం వేసే ముందు చదును చేసేస్తారు. హైదరాబాదులో పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజారుకు వెళ్లగలిగితే ఎండ ఎక్కకముందే వెళ్లండి. కురుమూర్తి, చెరువుగట్టు, పెద్దగట్టు జాతరల్లో ఇప్పుడు దొరికేవి ప్లాస్టిక్ గల్లాలే అయినా, ఆ చుట్టుపక్కల ఊళ్లలోని పెద్దల ఇళ్లలో నాటి జాతర డబ్బాలు ఉండే అవకాశం ఉంది. వనపర్తి, గద్వాల, కొల్లాపూర్ వంటి పాత సంస్థానాల ఊళ్లలో వర్తకుల ఇళ్లను, బొంబాయి, షోలాపూర్ మిల్లుల్లో పనిచేసి తిరిగివచ్చిన నల్లగొండ చేనేత కుటుంబాల ఇళ్లను కూడా మరచిపోకండి.

ఇళ్లకు వెళ్లినప్పుడు ఇంటి పెద్దను అడగకుండా పిల్లల చేతి నుంచి ఏదీ కొనకండి. ‘అవ్వా, ఇది మీ దగ్గర ఎన్నటి నుంచి ఉన్నది, ఎవరు తెచ్చిన్రు?’ అని అడిగి, ఆమె చెప్పిన జవాబును అక్కడే రాసుకోండి. ఆ రెండు వాక్యాలు వస్తువుతో పాటు ఉంటే తర్వాతి సేకర్తకు దాని చరిత్ర దక్కుతుంది.

3. లోహం ఏదో తేల్చండి. బట్ట చుట్టిన అయస్కాంతాన్ని రంగు పోయిన చోట ఆనించండి. రేకుకు, పోత ఇనుముకు గట్టిగా అంటుకుంటుంది. ఇత్తడికి, అల్యూమినియానికి, సీసానికి, జింకు మిశ్రమానికి అంటుకోదు. ‘పోత ఇనుము’ అని చెప్పి అమ్మే డబ్బాకు అంటుకోకపోతే అక్కడితో పరీక్ష ముగిసినట్టే. అయితే కొన్ని డబ్బాల్లో ఒంటి భాగం ఇనుముతోనూ చిన్న బొమ్మలు వేరే లోహంతోనూ ఉంటాయి కాబట్టి రెండు మూడు చోట్ల ఆనించి చూడండి.

4. నాణెం వేసే సందును కొలవండి. ఏ దేశపు నాణేల కోసం, ఏ కాలంలో చేశారో సందు పొడవు చాలావరకు చెబుతుంది. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి వ్యాసం 30.5 మిల్లీమీటర్లు, ఇంగ్లండు పాత పెన్నీ సుమారు 31, మన పాత రాగి కాలణా 25.4, అమెరికా సెంటు 19, 1957లో వచ్చిన ఒక నయా పైసా 16 మిల్లీమీటర్లు. మీ జేబులోని పది రూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు కాబట్టి కాలిపర్ లేని చోట దాన్నే కొలతగా వాడుకోవచ్చు. రూపాయి గల్లా అని చెప్పే పాత పెట్టె సందులో పది రూపాయల నాణెమే ఇరుక్కుంటుంటే అనుమానించండి. అణాల కాలం నాటిదని చెప్పే రేకు డబ్బాలో కాలణా పట్టకపోయినా అంతే. తేడా వచ్చినంత మాత్రాన నకలు అని తేల్చేయకూడదు, ఎందుకంటే ఇళ్లలో తర్వాతి నాణేల కోసం సందును ఆకురాయితో పెద్దది చేసుకున్నవారు ఉన్నారు. అటువంటప్పుడు సందు అంచులో తెల్లని కొత్త లోహపు మెరుపో, ఒకవైపే అరిగిన గీతలో భూతద్దంలో కనిపిస్తాయి. హైదరాబాదు రాజ్యానికి సొంత హాలీ సిక్కా నాణేలు ఉండేవి, 1948 తర్వాత కూడా కొంతకాలం అవి చెలామణిలో ఉన్నాయి. అందువల్ల మన ప్రాంతపు డబ్బాలో చార్మినార్ గుర్తున్న నాణెం కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు, కానీ ఆ నాణెం డబ్బా వయసుకు సాక్ష్యం కాదు. ఎవరైనా ఎప్పుడైనా వేయవచ్చు.

5. అక్షరాలు చదవండి. రేకు డబ్బా మీద తయారీదారు పేరు, ఊరు, చిరునామా అంచు దగ్గరో అడుగునో చిన్న అక్షరాల్లో ఉంటాయి. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతిదే. ‘నయా పైసా’ అన్న మాట ఉంటే 1957, 1964 మధ్యదిగా భావించవచ్చు. అణాల ప్రస్తావన ఉంటే సాధారణంగా 1957కు ముందుది. ‘ఆంధ్రప్రదేశ్’ అని ఉంటే 1956 నవంబరు తర్వాతిది. ‘ముంబై’ అని ఉంటే 1995 తర్వాతిది, ‘చెన్నై’ అని ఉంటే 1996 తర్వాతిది. ‘మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్’ (ఆక్రమణలో ఉన్న జపాన్‌లో తయారైనది) అన్న ముద్ర రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1952 వరకు ఎగుమతైన సరుకు మీద కనిపిస్తుంది. ఈ గుర్తుల్లో చాలావరకు ‘ఇంతకంటే పాతది కాదు’ అని నమ్మకంగా చెప్పగలవు. ‘ఇంతకంటే కొత్తది కాదు’ అని చెప్పడంలో మాత్రం జాగ్రత్త అవసరం, ఎందుకంటే పాత బొమ్మనే మళ్లీ ముద్రించి అమ్మేవాళ్లు పాత అక్షరాలను కూడా అలాగే ముద్రిస్తారు.

6. రంగును తీరిగ్గా చూడండి. ఈ దశకు మిగతా అన్నింటికంటే ఎక్కువ సమయం ఇవ్వండి. పగటి వెలుగులో, ఆరుబయట, నీడలో నిలబడి చూడాలి.

ముందుగా అరుగుదల ఎక్కడ ఉందో చూడండి. పిల్లల చేతుల్లో తిరిగిన డబ్బాకు ఎత్తుగా ఉన్న చోట్లే రంగు పోతుంది: జంతువు ముక్కు, చెవులు, వీపు, మీట చివర, సందు అంచులు, కింద ఆనే మూలలు. లోతైన మడతల్లో రంగు నిండుగా మిగిలి ఉంటుంది. నకలు చేసేవారు గరుకు కాగితంతో అక్కడక్కడ రుద్దుతారు కాబట్టి చెయ్యి తగలని చోట కూడా రంగు పోయి ఉంటుంది, అరిగిన చోట సమాంతరంగా సన్నని గీతలు కనిపిస్తాయి.

తర్వాత భూతద్దంతో రంగు అంచును చూడండి. పాత రంగు గట్టిపడి, పెచ్చులుగా పదునైన అంచుతో ఊడుతుంది, దానిలో సన్నని పగుళ్ల వల కనిపిస్తుంది. కొత్త రంగు సాగినట్టుగా ఉండి అంచు మెత్తగా ఉంటుంది. పెచ్చు ఊడిపోయిన గుంటలోకి రంగు దిగి ఉంటే అది తర్వాత పూసినదే. గుంట అడుగున ముదురు గోధుమ రంగు తుప్పు ఉండటం మంచి గుర్తు. ఎర్రమట్టిలా పొడి రాలే నారింజ రంగు తుప్పు ఉంటే ఆమ్లం పూసో, తడి మట్టిలో పాతిపెట్టో తెప్పించినది కావచ్చు.

అచ్చు రేకు డబ్బాల మీద బొమ్మ ఎలా ముద్రించారో కూడా చూడాలి. పాతవాటిలో ఒక్కో రంగును విడిగా అచ్చువేశారు కాబట్టి నిండు రంగులూ, క్రమం లేని చుక్కలూ, ఒక రంగు పక్కకు జరిగిన అంచులూ కనిపిస్తాయి. నాలుగు రంగుల చిన్న చుక్కలు పువ్వుల్లా గుండ్రంగా చేరి ఉంటే అది ఫోటో నుంచి తీసిన తర్వాతి ముద్రణ. అంచును గోటితో మెల్లగా తాకి చూడండి, స్టిక్కరు అతికించినదైతే అక్కడ మెట్టులా తగులుతుంది.

చివరగా చీకటి గదిలో యూవీ టార్చి వేయండి. రంగంతా ఒకే తీరుగా కనిపిస్తే మంచిదే. ఒకచోట మాత్రమే మచ్చలా మెరిసినా, ఒకచోట మాత్రమే నల్లగా కనిపించినా అక్కడ తర్వాత పూసినట్టు అనుకోవాలి. ఈ ఒక్క పరీక్ష మీదే తీర్పు చెప్పకూడదు, ఎందుకంటే మైనం, నూనె, సబ్బు జాడలు కూడా మెరుస్తాయి.

7. స్క్రూలు, అతుకులు, లోపలి భాగం చూడండి. ప్లస్ గాడి స్క్రూను అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ 1936లో పేటెంటు చేసి వ్యాప్తిలోకి తెచ్చాడు. కాబట్టి 1880ల నాటిదని చెప్పే డబ్బాకు ప్లస్ స్క్రూ ఉంటే, కనీసం ఆ స్క్రూ మార్చినదే. అన్నీ అవే అయితే డబ్బా మొత్తాన్నీ అనుమానించాలి. పాత అమెరికా పోత పనిలో ఇనుము నున్నగా, సన్నని వివరాలతో ఉంటుంది, రెండు సగాలు కలిసే చోట గోరు దూరడం కష్టం. నకళ్లలో ఉపరితలం ఇసుక తగిలినట్టు గరుకుగా ఉంటుంది, అతుకుల మధ్య వెలుగు కనిపిస్తుంది, అంచుల మీద గ్రైండర్ గీతలుంటాయి. సందులోంచి టార్చి వేసి లోపల చూడండి. పాతదాని లోపలి భాగం ముదురు రంగుకు తిరిగి ఉంటుంది. లోపల కూడా బయటి రంగే చిమ్మినట్టు పడి ఉంటే స్ప్రే రంగు వేసినట్టు.

అడుగున ఎక్కడైనా చదును చేసిన మచ్చ ఉందేమో ప్రత్యేకంగా వెతకండి. 1950ల తర్వాత అసలు డబ్బాలను చూసి, ఇది నకలే అని అడుగున రాసి నిజాయితీగా చేసిన ప్రతులు ఉన్నాయి. తర్వాత చేతులు మారినప్పుడు ఆ రాతను అరగదీసి అసలుగా అమ్మడం మొదలైంది. 1970లలో తైవాన్ నుంచి వచ్చినవాటికి కాగితపు చీటీ మాత్రమే ఉండేది, దాన్ని పీకేస్తే గుర్తు మిగలదు.

8. అడుగు గీత గీసి పోల్చండి. పోత ఇనుప డబ్బాలకు ఇది అన్నింటికంటే నమ్మదగిన పరీక్ష. తెల్ల కాగితం మీద డబ్బాను నిలబెట్టి, సన్నని పెన్సిలును నిటారుగా పట్టి అడుగు చుట్టూ గీత గీయండి. అసలు డబ్బాను అచ్చుగా పెట్టి పోత పోసినప్పుడు కరిగిన ఇనుము చల్లారుతూ దాదాపు నూటికి ఒక వంతు కుంచించుకుపోతుంది. అందువల్ల 200 మిల్లీమీటర్ల అసలు అడుగుకు నకలు సుమారు 198 మిల్లీమీటర్లే వస్తుంది. అసలు కొలతలు సేకర్తల సంఘాలు ప్రచురించిన వివరాల్లోనూ వేలంపాటల జాబితాల్లోనూ దొరుకుతాయి. కదిలే బొమ్మల డబ్బాలు సేకరించేవారికి అమెరికాలో 1958 నుంచి సంఘం ఉంది. కొలత సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు, కానీ చిన్నదిగా ఉంటే నకలు కావడానికే ఎక్కువ అవకాశం. పెన్సిలు వాలితే ఒక మిల్లీమీటరు తేడా సులభంగా వస్తుంది కాబట్టి మూడుసార్లు గీసి చూడండి.

ఇక్కడే ఒక విషయం చెప్పాలి. ఆ కాలపు అమెరికా, ఇంగ్లండు డబ్బాల్లో ఆఫ్రికా సంతతి వారి ముఖాలను వికృతంగా చెక్కి ఎగతాళి చేసేవి చాలా ఉన్నాయి, నేడు మన దేశంలో ఎక్కువగా తిరిగే నకళ్లలో ఆ ముఖమే ఒకటి. చరిత్రకు సాక్ష్యంగా భద్రపరచడం వేరు, హాల్లో అలంకారంగా పెట్టుకోవడం వేరు. ఏమిటో తెలియకుండా కొని పిల్లల ముందు పెట్టకండి.

9. కొనేటప్పుడు రసీదు తీసుకోండి, చట్టం తెలుసుకోండి. కాగితం మీద వస్తువు వర్ణన, తేదీ, ధర, అమ్మినవారి సంతకం ఉంటే చాలు. గుడి హుండీకి, పంచాయతీ పెట్టెకు, ఏదైనా సంస్థకు చెందినట్టు అనిపించిన వస్తువును కొనకండి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం కనీసం వందేళ్ల వయసున్న కళావస్తువులు, చేతిపని వస్తువులు పురావస్తువుల కిందికి రావచ్చు. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి పంపడానికి వీలులేదు, వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. విదేశంలో ఉన్న బంధువుకు బహుమతిగా పంపే ఆలోచన ఉంటే ముందుగా భారత పురావస్తు సర్వేక్షణ శాఖను సంప్రదించి, అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోండి. ఇక పొలం దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో నాణేలతో పాటు డబ్బా బయటపడితే అది కొనుగోలు వ్యవహారం కాదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.

10. లోపలి పైసలు జాగ్రత్తగా తీయండి. సందులోకి కత్తి, స్క్రూడ్రైవరు దూర్చకండి, అంచు రంగు మొత్తం లేచిపోతుంది. డబ్బాను తలకిందులుగా పట్టి, సందులోంచి దళసరి కాగితపు ముక్కను సగం వరకు దూర్చి మెల్లగా ఊపితే నాణెం ఆ కాగితం మీదుగా జారి వస్తుంది. అడుగు మూత బిగుసుకుపోతే, మూత చుట్టూ సన్నని నూనె ఒక్క చుక్క పుల్లతో పెట్టి ఒక రాత్రి వదిలేయండి; రంగు మీద నూనె పడితే వెంటనే అద్దండి. తాళం ఉన్న బ్యాంకు పెట్టె అయితే పగలగొట్టకుండా తాళాలు బాగుచేసేవారికి చూపించండి, లేదా పైసలు లోపలే ఉండనివ్వండి. తాళం పగిలిన పెట్టె కంటే గలగలమనే పెట్టెకే విలువ ఎక్కువ.

11. శుభ్రం చేయడం. హెచ్చరిక: పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసాన్ని పది లక్షల్లో 90 వంతులకు పరిమితం చేసే నిబంధనలు వచ్చిందే 2016లో. అందువల్ల చేతితొడుగులు వేసుకోండి, వంటింట్లో ఈ పని చేయకండి, రాలిన పెచ్చులను ఊడ్చకుండా తడి బట్టతో తుడిచి తీయండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. పాత డబ్బాను పసిపిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి.

మొదట పొడి కుంచెతో దుమ్ము దులపండి. చాలా డబ్బాలకు అక్కడితో ఆగిపోవడమే సరైన పని. జిడ్డు మిగిలితే, కనిపించని చోట, అంటే అడుగు దగ్గరో వెనుకవైపో, డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి పిండిన దూది పుల్లతో చిటికెన వేలి గోరంత మేర ఒత్తకుండా తుడవండి. దూది మీద నల్లని, గోధుమ రంగు మురికి వస్తే కొనసాగించవచ్చు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వంటి డబ్బా రంగు వస్తే వెంటనే ఆపేయండి. ఒక్కోసారి అరచేతి వెడల్పుకు మించకుండా తుడిచి, ఆ భాగాన్ని పొడి బట్టతో అద్ది ఆరబెట్టాకే పక్క భాగానికి వెళ్లండి. నీళ్లలో ముంచడం ఎంత మాత్రం పనికిరాదు, ఎందుకంటే మడతల్లోకి దిగిన తడి లోపలి నుంచి తుప్పును పుట్టిస్తుంది. బోరు నీళ్లు వాడకండి. ఫ్లోరైడుతో పాటు లవణాలు ఎక్కువగా ఉండే మన నల్లగొండ నీళ్లు ఆరాక తెల్లని మరకలు వదులుతాయి.

చింతపండు, నిమ్మకాయ, బూడిద, ఇత్తడి తోమే పొడి, ఇనుప పీచు, కిరసనాయిలు, థిన్నర్: ఇవేవీ దగ్గరికి రానివ్వకండి. ఇత్తడి బిందెకు మెరుపు తెచ్చే చింతపండు పులుపే రేకు మీద రంగు కిందికి చేరి తుప్పు పెంచుతుంది. కొబ్బరినూనె పూస్తే వారం రోజులు మెరుస్తుంది, తర్వాత జిగురై దుమ్మును పట్టి ఉంచుతుంది.

తుప్పు పట్టి రంగు లేని చోట మాత్రం పొడి పొరను వెదురు పుల్లతో మెల్లగా గీకి తీయవచ్చు. ఆ తర్వాత సంగ్రహాలయాల్లో వాడే మైక్రోక్రిస్టలైన్ మైనాన్ని బట్టతో పలుచగా పూసి, కాసేపు ఆగి మెత్తగా తుడిస్తే తేమ తగలదు. బ్రిటిష్ మ్యూజియంలో రూపొందిన రెనైసెన్స్ వ్యాక్స్ ఇటువంటిదే. అది దొరకకపోతే ఏమీ పూయకుండా పొడిగా ఉంచడమే మేలు; కారు పాలిష్‌లో రాపిడి పొడి ఉంటుంది కాబట్టి అది ప్రత్యామ్నాయం కాదు. పెచ్చులు లేచి ఊగుతున్న రంగు మీద మైనం కూడా వద్దు, బట్టకు అంటుకుని ఊడివస్తుంది.

12. పెట్టే చోటు చూసుకోండి. ఎండ పడని, వంటింటి ఆవిరి తగలని గోడ అలమరలో, ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. మన వేసవి పొడి వేడి కంటే జూలై నుంచి సెప్టెంబరు వరకు ఉండే తేమే ఎక్కువ ప్రమాదం. అలమరలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వానకాలంలో నెలకోసారి మార్చండి. వార్తాపత్రికలో చుట్టకండి, తేమకు సిరా రంగు మీదికి దిగుతుంది. ఉతికిన తెల్ల నూలు బట్ట మంచిది. మీట ఉన్న డబ్బాను వచ్చిన ప్రతివారికీ ఆడించి చూపకండి. చూపక తప్పకపోతే బొమ్మ చేతిని వేలితో పట్టుకుని మెల్లగా కిందికి దించండి. స్ప్రింగు ఒక్కసారిగా వదిలితే నూరేళ్ల పోత ఇనుము విరగడానికి ఆ దెబ్బ చాలు, విరిగినదాన్ని వెల్డింగు చేస్తే చుట్టూ ఉన్న రంగు కాలిపోతుంది.

చేసిన పని సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

కొన్న రోజునే ఆరు వైపులా ఫోటోలు తీయండి: ముందు, వెనుక, రెండు పక్కలు, పైన, అడుగు. ప్రతి ఫోటోలోనూ పక్కన స్కేలు ఉండాలి. బరువు, సందు పొడవు, అడుగు గీత నోటుబుక్కులో చేర్చండి. శుభ్రం చేశాక అదే వెలుగులో మళ్లీ ఫోటోలు తీసి పక్కపక్కన పెట్టి చూడండి. మురికి మాత్రమే తగ్గి, రంగు హద్దులు కొన్న రోజున ఉన్నట్టే ఉంటే పని సరిగ్గా జరిగింది. ఒక్కచోటైనా లోహం కొత్తగా బయటపడితే ఆ పద్ధతి ఆ డబ్బాకు పనికిరాదని రాసిపెట్టుకుని ఆపేయండి. వానకాలం ముగియగానే అడుగునూ మడతలనూ టార్చితో చూడండి. కొత్తగా నారింజ రంగు చుక్కలు కనిపిస్తే తేమ చేరుతున్నట్టు, అప్పుడు తుడవడం కంటే ముందు పెట్టే చోటు మార్చాలి.

పరీక్షలు ఒకదానికొకటి పొసగని సందర్భాలు తరచుగా వస్తాయి. ఒళ్లు పాతదని రంగు చెబుతుంది, స్క్రూ కొత్తదని కన్ను చెబుతుంది. అడుగు కొలత సరిపోతుంది, మీట బొమ్మ మాత్రం గరుకుగా ఉంటుంది. అటువంటిది ఒక అసలు డబ్బాకు విరిగిన భాగాన్ని నకలు నుంచి తెచ్చి అమర్చినది కావచ్చు. దాన్ని పారేయనక్కరలేదు, అయితే పూర్తి డబ్బా ధర ఇవ్వకూడదు. ఏ భాగం అసలైనది, ఏది మార్చినది, ఎందుకు అలా అనుకుంటున్నారు అన్నది నోటుబుక్కులో భాగాల వారీగా రాసి, ఆ కాగితం నకలును మడిచి డబ్బా కిందే పెట్టండి. మీరు దాన్ని మరొకరికి ఇచ్చేటప్పుడు, ఉచితంగా ఇచ్చినా సరే, ఆ కాగితం కూడా ఇవ్వండి.